ఒక సంఖ్య ఒకే పుస్తకానికి: ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ

పుస్తకాలు ప్రచురించే సంస్థలకూ, సొంతంగా పుస్తకాలు వేసుకునే రచయితలకూ నమస్కారం.

నేను గ్రంథాలయంలో కేటలాగు విభాగంలో పనిచేస్తాను. కొత్తగా వచ్చిన పుస్తకాల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, రేపు ఎవరైనా వచ్చి అడిగితే ఆ పుస్తకం దొరికేలా చూడటం మా పని. పుస్తకం చేతికి రాగానే మేం ముందుగా వెతికేది ఐఎస్‌బీఎన్, అంటే బార్‌కోడ్ దగ్గర ఉండే 13 అంకెల పుస్తక గుర్తింపు సంఖ్య. అది సరిగ్గా ఉంటే మిగతా పని చకచకా సాగిపోతుంది. తప్పుగా ఉంటే ఆ పుస్తకం మా దగ్గర ఉండీ లేనట్టే. అందుకే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

అట్ట ఎలా ఉండాలి, ముందుమాట ఎవరితో రాయించాలి అని మీరు ఎంతో ఆలోచిస్తారు. అచ్చుతప్పుల కోసం ప్రూఫులు మళ్లీ మళ్లీ చదువుతారు. ఈ 13 అంకెల్ని మాత్రం చాలాసార్లు ఎవరూ ప్రూఫు చూడరు. పాత పుస్తకం ఫైలు తీసి, పేరు మార్చి, బొమ్మ మార్చి, బార్‌కోడ్ సంగతి మర్చిపోయి ప్రెస్సుకి పంపిన పుస్తకాలు మాకు వస్తూనే ఉంటాయి. స్కానర్ పెడితే కవితల పుస్తకానికి తెర మీద వ్యాకరణ గ్రంథం వివరాలు కనిపిస్తాయి. పుస్తకం మా చేతిలో ఉంటుంది కాబట్టి ఆ తేడా మాకు తెలిసిపోతుంది. వందల పుస్తకాల వివరాల్ని ఒకేసారి వేరే జాబితాల నుంచి దించుకునే చోట అలా కాదు. అక్కడ మనిషి కన్ను పడకుండానే ఒక పుస్తకం రికార్డు మీదికి ఇంకో పుస్తకం వచ్చి కూర్చుంటుంది. మీ కవి పేరుతో వెతికిన పాఠకుడికి 'లేదు' అని సమాధానం వస్తుంది. పుస్తకం బీరువాలోనే ఉంటుంది.

నేను కోరేది ఒక్కటే. ఒక ఐఎస్‌బీఎన్ ఒకే ఒక్క పుస్తకానికి, ఒకే ఒక్క రూపానికి, ఎప్పటికీ. ఈ లేఖలో మిగతాదంతా ఆ ఒక్క మాటకు వివరణే.

ఈ సంఖ్య ఎందుకు పుట్టిందో తెలిస్తే ఎలా వాడాలో సగం అర్థమవుతుంది. 1960ల మధ్యలో బ్రిటన్‌లో డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే పెద్ద పుస్తక వ్యాపార సంస్థ తన గోదామును కంప్యూటర్‌తో నడపాలనుకుంది. ఒకే పేరుతో వేర్వేరు పుస్తకాలుంటాయి. ఒకే పుస్తకం గట్టి అట్టతోనూ, మెత్తటి అట్టతోనూ వస్తుంది. గోదాములో మనిషి వాటిని చూసి పోల్చుకుంటాడు, యంత్రానికి మాత్రం ప్రతిదానికీ విడిగా ఒక గుర్తు కావాలి. గోర్డన్ ఫోస్టర్ అనే గణాంక శాస్త్రవేత్త దాని కోసం 9 అంకెల పద్ధతిని తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించిన బ్లెచ్లీ పార్కులో పనిచేసిన మనిషి ఆయన. ఒక్క అంకె తేడా వస్తే ఏమవుతుందో అలాంటి వారికి వేరే చెప్పక్కర్లేదు. 1967లో బ్రిటన్‌లో వాడకం మొదలైంది. 1970లో అది ఐఎస్ఓ 2108 అనే అంతర్జాతీయ ప్రమాణంగా, 10 అంకెలతో ప్రపంచానికంతటికీ వచ్చింది. అంతకు ముందున్న 9 అంకెల సంఖ్యకు ఎదర ఒక సున్నా చేరిస్తే అదే 10 అంకెల సంఖ్య అయిపోయేది. 2007 జనవరి 1 నుంచి 13 అంకెలు అమల్లోకి వచ్చాయి.

ఆ 13 అంకెలు ఒక ముద్దగా చూస్తే ఏమీ చెప్పవు. హైఫన్లు పెట్టి చూడండి: 978-0-306-40615-7. ఐదు భాగాలు. మొదటిది 978. దుకాణాల్లో అన్ని వస్తువుల మీదా ఉండే బార్‌కోడ్‌లో మొదటి మూడంకెలు మామూలుగా ఆ సంఖ్యను జారీ చేసిన దేశాన్ని సూచిస్తాయి. పుస్తకాలు ఏ దేశంలో అచ్చయినా వాటన్నిటికీ కలిపి 978 కేటాయించారు. ప్రపంచ పుస్తకాలన్నీ ఒకే దేశపు పౌరులన్నట్టు! ఆ ఊహాదేశానికి బుక్‌ల్యాండ్ అని పేరు కూడా ఉంది. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం.

రెండో భాగం దేశాన్నో, భాషా ప్రాంతాన్నో చెబుతుంది. 0, 1 అయితే ఇంగ్లిష్ ప్రాంతాలు, 2 ఫ్రెంచ్, 3 జర్మన్, 4 జపాన్, 7 చైనా, 81, 93 భారతదేశం. ఇది పుస్తకం ఏ భాషలో ఉందో చెప్పదు, ప్రచురణకర్త ఎక్కడ నమోదయ్యారో చెబుతుంది. 81తో మొదలయ్యే సంఖ్య చూసి పుస్తకం ఫలానా భాషలో ఉందని ఎవరైనా అనుకుంటే పొరపాటే. మూడో భాగం ప్రచురణకర్త, నాలుగోది ఆ ప్రచురణకర్త వేసిన ఫలానా పుస్తకం, ఐదోది చెక్ డిజిట్, అంటే ముందున్న అంకెల్లో తప్పు దొర్లితే పట్టించే అంకె.

మధ్య భాగాల పొడవు స్థిరంగా ఉండదు. ఎక్కువ పుస్తకాలు వేసే సంస్థకు పొట్టి సంఖ్య ఇస్తారు, అప్పుడు పుస్తకాల కోసం ఎక్కువ అంకెలు మిగులుతాయి. 0 ప్రాంతంలో ప్రచురణకర్తకు రెండంకెలే కేటాయిస్తే ఆరంకెలు మిగిలి 10 లక్షల పుస్తకాలకు చోటుంటుంది. ఏడంకెలు కేటాయిస్తే ఒక్క అంకే మిగిలి 10 పుస్తకాలకే సరిపోతుంది. అందువల్ల హైఫన్లను అందం కోసం ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి. అవి తప్పుచోట పడితే చూసేవారికి ప్రచురణకర్త ఎవరో తప్పుగా అర్థమవుతుంది. ఈ సంఖ్యలు కేటాయించే ఏజెన్సీ మీకు పంపిన ఉత్తరంలో ఎలా ఉంటే అలాగే దించండి.

ఇక చివరి అంకె. ఇది మీకు తప్పకుండా తెలియాలి, ఎందుకంటే ప్రెస్సుకి పంపే ముందు ఒక కాగితం, కలం ఉంటే మీ సంఖ్యను మీరే పరీక్షించుకోవచ్చు. చివరి అంకెను పక్కన పెట్టి మిగతా 12 అంకెల్ని వరసగా 1తో, 3తో, మళ్లీ 1తో, 3తో గుణించుకుంటూ పోయి కూడండి. పైన చెప్పిన సంఖ్యకు అలా చేస్తే 9, 21, 8, 0, 3, 0, 6, 12, 0, 18, 1, 15 వస్తాయి. మొత్తం 93. దీన్ని 10తో భాగిస్తే మిగిలేది 3. పదిలోంచి 3 తీస్తే 7. చివరి అంకె 7, సరిపోయింది. శేషం సున్నా అయితే చివరి అంకె కూడా సున్నాయే. ఎక్కడైనా ఒక్క అంకె మారిందంటే ఈ లెక్క తప్పకుండా తేడా చూపిస్తుంది.

అయితే అంకెలు తారుమారైనప్పుడు అన్నిసార్లూ పట్టుకోదు. పక్కపక్కనున్న రెండంకెల మధ్య తేడా సరిగ్గా 5 అయితే, అవి ఒకదాని చోట ఒకటి పడినా లెక్క మారదు. పై ఉదాహరణలోనే 40615లో 6, 1 పక్కపక్కన ఉన్నాయి. వాటిని తిప్పి 40165 అని రాసి లెక్క వేయండి. మొత్తం 83 వస్తుంది, చివరి అంకె మళ్లీ 7. కంప్యూటర్ సంతోషంగా ఒప్పేసుకుంటుంది. ఇప్పుడది అదే ప్రచురణకర్త వేసిన ఇంకో పుస్తకం సంఖ్య అయి ఉండొచ్చు. పాత 10 అంకెల పద్ధతిలో ఈ లోపం లేదు. అక్కడ అంకెల్ని 10 నుంచి 1 దాకా దిగుతూ గుణించి, మొత్తం 11తో భాగింపబడుతుందో లేదో చూసేవారు. ఒక అంకె మారినా, రెండంకెలు తారుమారైనా ఆ లెక్క వదిలిపెట్టదు. దాని కోసమే చివరి అంకె ఒక్కోసారి 10 కావాల్సి వచ్చి, అక్కడ రోమన్ అంకె ఎక్స్ వేసేవారు. పాత పుస్తకాల వెనక ఆ అక్షరం చూసి అచ్చుతప్పు అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 13 అంకెల సంఖ్యలో ఎక్స్ ఎప్పుడూ రాదు, వస్తే తప్పే. చెప్పొచ్చేదేమిటంటే, సాఫ్ట్‌వేర్ పచ్చజెండా ఊపిందని ఊరుకోకండి. ఏజెన్సీ ఇచ్చిన సంఖ్యతో అంకె అంకే పోల్చి చూసుకోండి.

డిజైన్ చేసేవారు తాత్కాలికంగా పెట్టే డమ్మీ సంఖ్యల ప్రమాదం కూడా ఇలాంటిదే. 978 తర్వాత 1 నుంచి 9 దాకా వరసగా వేసి చివర 7 పెడితే ఆ సంఖ్య పరీక్షలో నెగ్గుతుంది! ఏ యంత్రమూ ఆపదు. డమ్మీ పెట్టక తప్పకపోతే అన్నీ సున్నాలు కాకుండా, అంకెలే లేని ఖాళీ పెట్టె వదిలేయమని మీ డిజైనర్‌కి చెప్పండి. ఖాళీ పెట్టె ప్రెస్సులో ఎవరో ఒకరి కంట పడుతుంది.

పాత 10 అంకెల సంఖ్యను 13కు మార్చేటప్పుడు జరిగే తప్పు మరీ మామూలైపోయింది. ముందు 978 తగిలించేసి, చివరి అంకెను అలాగే వదిలేస్తారు. రెండు పద్ధతుల్లో లెక్క వేరు కాబట్టి చివరి అంకెను మళ్లీ కట్టాలి. పై పుస్తకానికే పాత సంఖ్య 0-306-40615-2, కొత్తదానిలో చివర 7. తిరుగు ప్రయాణంలో ఇంకో చిక్కు ఉంది. 978 సంఖ్యల్లో చోటు తగ్గిపోతూ వచ్చి 979తో మొదలయ్యేవి కూడా ఇస్తున్నారు. ఫ్రాన్స్‌కు 979-10, దక్షిణ కొరియాకు 979-11, ఇటలీకి 979-12, అమెరికాకు 979-8 ఉన్నాయి. వీటికి 10 అంకెల రూపమే లేదు. మొదటి మూడంకెలు కోసేసి 10 అంకెల సంఖ్య తయారుచేసే జాబితాలు మీ దగ్గర ఉంటే వెంటనే మానేయండి. 979-0 అయితే అసలు పుస్తకం సంఖ్యే కాదు, సంగీత స్వరలిపి ప్రచురణలకు ఇచ్చే ఐఎస్ఎంఎన్.

మీ పుస్తకాల జాబితాను స్ప్రెడ్‌షీట్‌లో పంపేవారికి ఒక చిన్న మనవి. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చి తర్వాత సంఖ్యలు ఎక్కించండి. లేకపోతే సున్నాతో మొదలయ్యే 10 అంకెల సంఖ్య ముందు సున్నా ఎగిరిపోయి 9 అంకెలే మిగులుతాయి. 13 అంకెలది 9.78 తర్వాత ఏదో ఘాతంగా మారిపోతుంది. అలా కనిపించిన దాన్నే మళ్లీ కాపీ చేసి పంపితే అసలు అంకెలు ఎప్పటికీ తిరిగిరావు. ఇలాంటి జాబితా వచ్చినప్పుడు మేం ఒక్కో పుస్తకం తీసి మళ్లీ చూసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎప్పుడు కొత్త సంఖ్య తీసుకోవాలి, ఎప్పుడు అక్కర్లేదు? పాఠకుడు ఒకటి అడిగి ఇంకొకటి అందుకుంటే ఇబ్బంది పడతాడా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి, చాలామట్టుకు జవాబు దొరుకుతుంది. గట్టి అట్ట పుస్తకానికి ఒకటి, మెత్తటి అట్టకి ఇంకొకటి. ఈ-బుక్ విడిగా అమ్మితే దానికి వేరు. ఈ-బుక్ ఫైలు రకాలైన ఈపబ్, పీడీఎఫ్ రెండూ విడివిడిగా దొరుకుతుంటే రెండింటికీ వేరు. ఆడియో పుస్తకానికి వేరు, బ్రెయిలీకి వేరు. అనువాదానికి వేరు. అచ్చు పుస్తకం సంఖ్యనే బ్రెయిలీ ప్రతికి కూడా వేస్తే, చూపు లేని పాఠకుడు జాబితాలో ఆ పుస్తకం తనకు పనికొచ్చే రూపంలో ఉందో లేదో తెలుసుకోలేడు. ఈ ఒక్క తప్పును నేను తేలిగ్గా తీసుకోలేను.

ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చు వేస్తే పాత సంఖ్యే ఉండాలి. నాలుగు అచ్చుతప్పులు దిద్దినా, ధర మారినా, అట్ట బొమ్మ మారినా కొత్త సంఖ్య అక్కర్లేదు. లోపలి విషయం గణనీయంగా మారితే, అధ్యాయాలు చేరితే, పుస్తకం పేరు మారితే, అట్టకట్టు రకం మారితే, మరో సంస్థ తన పేరుతో వేస్తే కొత్త సంఖ్య తప్పనిసరి. మాకు ఈ రెండూ తలకిందులుగా వస్తున్నాయి. ధర పెంచిన ప్రతిసారీ కొత్త సంఖ్య వేసే సంస్థలున్నాయి. దానివల్ల ఒకే పుస్తకం జాబితాల్లో నాలుగు పుస్తకాలుగా కనిపించి, ఏది కొనాలో తెలియక కొనేవారు వెనకడుగు వేస్తారు. రెండో ముద్రణ అని వేసి, లోపల సగం పుస్తకం తిరగరాసి, సంఖ్య మాత్రం పాతదే ఉంచేవారూ ఉన్నారు. తరగతిలో ఒక విద్యార్థి చేతిలో ఒక పాఠం, పక్కవాడి చేతిలో ఇంకో పాఠం ఉంటాయి. ఇద్దరి పుస్తకాల మీదా సంఖ్య ఒకటే!

సంపుటాల సంగతి కూడా చెప్పాలి. నాలుగు సంపుటాలు కలిపే అమ్ముతున్నా, విడిగా కూడా అమ్మే ఉద్దేశం ఉంటే ప్రతి సంపుటానికీ ఒక సంఖ్య, మొత్తం సెట్టుకు మరో సంఖ్య తీసుకోండి. ప్రతి సంపుటంలో కాపీరైట్ పేజీ మీద రెండూ వేసి, ఏది దేనిదో పక్కనే రాయండి. నాలుగింటికీ ఒకటే సంఖ్య ఉన్న సెట్టులో మూడో సంపుటం పోయినప్పుడు దాన్ని మళ్లీ తెప్పించడం ఎంత కష్టమో మాకు తెలుసు.

పత్రికలు నడిపేవారు కొందరు ప్రతి సంచికకూ ఐఎస్‌బీఎన్ అడుగుతున్నారు. క్రమం తప్పకుండా వచ్చే పత్రికలకు 8 అంకెల ఐఎస్ఎస్ఎన్ ఉంది, పత్రిక పేరు మారనంత కాలం అన్ని సంచికలకూ అదొక్కటే చాలు. వార్షిక సంచికల లాంటివి పుస్తకంగా కూడా అమ్ముడవుతాయి కాబట్టి వాటికి రెండూ ఉండొచ్చు. క్యాలెండర్లకు, ప్రచార కరపత్రాలకు ఐఎస్‌బీఎన్ ఇవ్వరు.

సొంతంగా పుస్తకం వేసుకునే రచయితలతో ప్రత్యేకంగా రెండు మాటలు. ఐఎస్‌బీఎన్ ఉంటే కాపీరైట్ వచ్చినట్టు అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మకండి. అది హక్కు ఇవ్వదు, పుస్తకం బాగుందని ముద్ర వేయదు, ప్రభుత్వ ఆమోదం కాదు. గుర్తింపు సంఖ్య, అంతే. రెండోది, సంఖ్య ఇప్పిస్తామని వచ్చే మధ్యవర్తుల దగ్గర జాగ్రత్త. మూడో భాగంలో ప్రచురణకర్త గుర్తు ఉంటుందని పైన చెప్పాను. వేరొకరి వాటాలోంచి సంఖ్య తీసి మీ పుస్తకం మీద వేస్తే, జాబితాలన్నిటిలో ప్రచురణకర్తగా వాళ్ల పేరే నమోదవుతుంది. ఆర్డర్లు, విచారణలు వాళ్లకే వెళతాయి. మీ దేశంలో సంఖ్యలు ఇచ్చే అధికారిక ఏజెన్సీ ఏదో లండన్‌లోని అంతర్జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ జాబితాలో ఉంటుంది. నేరుగా అక్కడే అడగండి. అమ్మకపు వేదికలు కొన్ని సొంత సంఖ్యలు ఇస్తాయి. అమెజాన్ ఇచ్చే ఏఎస్ఐఎన్ అలాంటిదే, ఆ సంస్థ బయట దానికి విలువ లేదు.

సంఖ్య తీసుకున్నాక పని అయిపోయిందనుకోవద్దు. ఆ 13 అంకెల్లో పుస్తకం పేరు లేదు, రచయిత లేరు, భాష లేదు, పేజీల సంఖ్య లేదు. అవన్నీ మీరు ఏజెన్సీకి పంపి, సంఖ్యకు జతచేయించాలి. ప్రచురణ వాయిదా పడి పేరు మార్చుకుంటే ఆ మార్పు కూడా పంపాలి. అలా పంపని పుస్తకాల సంఖ్య కొడితే మా తెర ఖాళీగా ఉంటుంది. ఎప్పుడో అనుకుని మానేసిన పుస్తకం పేరు కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. అలా మానేసినా, పొరపాటున కేటాయించినా, ఒకసారి ఒక పుస్తకానికి ఇచ్చిన సంఖ్యను మరోదానికి ఎప్పుడూ వాడకండి. పుస్తకం ప్రతులు అయిపోయి పాతికేళ్లయినా సరే. మీ గోదాములో అయిపోయినా మా బీరువాల్లో, పాఠకుల ఇళ్లలో, పాత పుస్తకాలు అమ్మేవారి దగ్గర అది బతికే ఉంటుంది.

అచ్చులో సంఖ్యను కాపీరైట్ పేజీ మీదా, వెనక అట్ట కింది భాగాన బార్‌కోడ్ దగ్గరా వేయండి. మేం పుస్తకాలకు మళ్లీ బైండింగ్ చేయించినప్పుడు అట్ట పోతుంది, కాబట్టి లోపల ఉండటం మాకు చాలా అవసరం. ఒకటికి మించి రూపాలు ఉంటే అన్ని సంఖ్యలూ కాపీరైట్ పేజీలో వేసి, పక్కన పేపర్‌బ్యాక్, ఈపబ్ అని రాయండి. బార్‌కోడ్‌ను ముదురు రంగు మీద, మెరిసే కాగితం మీద కుదించి వేస్తే స్కానర్ చదవలేదు. తెల్లటి నేపథ్యం మీద నల్లగా వేసి, రెండు పక్కలా కాస్త ఖాళీ వదలండి.

ఇప్పటికే తప్పు సంఖ్యతో వెలువడిన పుస్తకాలు మీ దగ్గర ఉంటే దాచకండి. ముందు మీ ఏజెన్సీకి చెప్పి సరైన సంఖ్య అడిగి తీసుకోండి. అమ్ముడుపోని ప్రతుల మీద స్టిక్కర్ అంటించండి, ఈ-బుక్ ఫైలులో మార్చండి. పుస్తకాలు వెళ్లిన గ్రంథాలయాలకు, పంపిణీదారులకు పుస్తకం పేరు, తప్పు సంఖ్య, సరైన సంఖ్య మూడూ ఒక కాగితం మీద రాసి పంపండి. తప్పు సంఖ్యను కూడా మేం రికార్డులో చెల్లని సంఖ్యగా నమోదు చేసి ఉంచుతాం, ఆ సంఖ్యతో వెతికినవారికి కూడా మీ పుస్తకమే దొరికేలా. ఆ కాగితం అందిన రోజునే దిద్దుతాం.

ఇట్లు,
గ్రంథాలయ కేటలాగు విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి